తీరాన ఎంతమంది ఉన్నారు?



సముద్రం ఊరి మీదికి వస్తే మీ ఊళ్ళో ఎంతమందికి ప్రమాదం? ఈ ప్రశ్న వినగానే ఇది అధికారులు చెప్పవలసిన జవాబు అనిపిస్తుంది. జనాభా లెక్కల పుస్తకం తీసి, ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్ళు ఏరి, కూడిక వేస్తే సరిపోతుంది గదా అనుకుంటాము. నిదానించి ఆలోచిస్తే ఇది కూడికతో తేలే సంగతి కాదు. ఎవరిని లెక్కలో వేయాలి? ఎవరు లెక్క జారిపోతున్నారు? లెక్క తేలిన తర్వాత ఎవరి మీద ఏ బాధ్యత పడుతుంది? ఈ మూడు ప్రశ్నలూ దాని లోపలే ఉన్నాయి. మూడూ న్యాయాన్యాయాలకు సంబంధించినవే. వాటిని గూర్చి కొంత విచారించాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన పాఠకులలో తీరవాసులు చాలామంది. చెన్నైలో తరతరాలుగా ఉన్నవారు, గోపాలపూర్, పూరీ ప్రాంతాలలో స్థిరపడినవారు, ముంబైలో ఉన్నవారు, యానాంలో గోదావరి పాయ పక్కన ఉన్నవారు ఈ పేజీలు చదువుతారు. బెంగుళూరులోనో షోలాపూర్‌లోనో ఉన్నవారు "మాకు సముద్రంతో ఏమి పని?" అనవచ్చు. అయితే ఉద్యోగానికో, చదువుకో, చుట్టపుచూపుగానో తమవారెవరూ తీరానికి వెళ్ళని కుటుంబం మనలో ఎక్కడ ఉన్నది?

మన పెద్దలకు ఉప్పెన అనే మాట బాగా తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. అది తుపాను గాలి నెట్టుకొని వచ్చిన నీరు. దానివల్ల పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. సునామీ వేరు. సముద్రగర్భంలో నేల ఒక్కసారిగా పైకి లేచినప్పుడో కుంగినప్పుడో దాని మీదనున్న నీరంతా కదలి అలలుగా బయలుదేరుతుంది. లోతైన సముద్రంలో ఆ అల విమానమంత వేగంతో పోతుంది, పడవలో ఉన్నవారికి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గేకొద్దీ దాని వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. తుపాను రెండు మూడు రోజుల ముందుగా కబురు పంపుతుంది. సునామీ ఇచ్చే గడువు కొన్ని గంటలు, ఒక్కొక్కచోట కొన్ని నిమిషాలు మాత్రమే. తుపానుకు ముందు ఇంటింటికీ తిరిగి మనుషులను వెదకవచ్చు. సునామీకి ముందు వెదకడానికి సమయం ఉండదు. ఎవరు ఎక్కడ ఉంటారో ముందే తెలిసి ఉండాలి. అందుకే ఈ లెక్కకు అంత ప్రాధాన్యం.

2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మరునాడు. మన గడియారం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి పక్కన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు రెండున్నర గంటల తర్వాత అలలు చెన్నై తీరాన్ని తాకాయి. మొత్తం పద్నాలుగు దేశాలలో సుమారు 2,30,000 మంది మరణించారు. అధికార లెక్కల ప్రకారం మన దేశంలో మృతులు పదివేలకు పైగా, జాడ తెలియకుండా పోయినవారు అయిదువేలకు పైగా. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరువేలకు పైగా పోయారు. ఆంధ్రలో వందకు పైగా పోయారు. రెండున్నర గంటలంటే ముసలివారు కూడా మెల్లగా నడిచి అలకు అందనంత దూరం పోగలిగిన సమయం. ఆ సమయం ఉన్నది, కాని కబురు లేదు. కబురు వచ్చినా దానిని ఎవరికి చేర్చాలో తెలిపే పట్టీ ఏ ఊళ్ళోనూ లేదు.

ఈ లెక్క ఎలా వేస్తారో చూద్దాము. మొదట నీరు ఎంతవరకు రాగలదో పటం గీస్తారు. నేల ఎత్తు, తీరం వాలు, సముద్రగర్భం తీరు, గతంలో వచ్చిన అలల గుర్తులు ఇందుకు ఆధారం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరు నుండి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. తీరంలో నీరు చేరగల చోట్ల పటాలు కూడా ఆ సంస్థ తయారుచేస్తుంది. తర్వాత ఆ పటం మీద ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు, రేవులు, సంతలు గుర్తిస్తారు. ఆ గీతకు లోపల ఉన్నవారందరూ ముప్పు దారిలో ఉన్నవారు. చెప్పినంత తేలిక కాదు గాని, పద్ధతి ఇదే.

ఇక్కడే మొదటి చిక్కు. గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. సముద్ర మట్టానికి పది మీటర్ల లోపు ఎత్తులో, తీరాన్ని ఆనుకొని ఉన్న నేల మీద ఎంతమంది ఉన్నారని 2007లో కొందరు పరిశోధకులు లెక్కవేశారు. ప్రపంచ భూభాగంలో నూటికి రెండు వంతులే ఆ నేల, కాని ప్రపంచ జనాభాలో పదింట ఒకరు, అంటే సుమారు 63 కోట్లమంది అక్కడ ఉన్నారని తేలింది. ఆ 63 కోట్లమందికీ సునామీ వస్తుందని దీని అర్థం కాదు. అయిదు మీటర్ల దగ్గర గీత గీస్తే అంకె తగ్గుతుంది. కొలబద్ద మారితే ఫలితం ఎలా మారుతుందో చెప్పడానికి మన దేశపు తీరమే మంచి ఉదాహరణ. 7,516 కిలోమీటర్లని మనం బడిలో బోధించిన తీరం పొడవు, వంపులన్నీ మరింత నిశితంగా కొలిచినందున ఇప్పుడు 11,098 కిలోమీటర్లు అయినది. సముద్రం ఎక్కడికీ పోలేదు, నేల పెరగలేదు. కొలత సన్నబడింది, అంతే. మనుషుల లెక్క కూడా అంతే. ముతకగా కొలిస్తే వంపులలో ఉన్నవారు జారిపోతారు.

గీతను మరీ గట్టిగా నమ్మితే ఏమవుతుందో జపాన్‌లోని ఓకావా ప్రాథమిక పాఠశాల చెబుతుంది. ఆ బడి సముద్రం ఒడ్డున లేదు. కితాకామి నది పక్కన, నదీముఖానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అధికారుల పటంలో ఆ బడి నీరు చేరే గీతకు బయట ఉన్నది. అంటే అందులోని పిల్లలు ముప్పు లెక్కలో లేరు. 2011 మార్చి 11న పెద్ద భూకంపం వచ్చిన తర్వాత ఉపాధ్యాయులు పిల్లలను ఆటస్థలంలో నిలబెట్టారు. ఎక్కడికి తీసుకొనిపోవాలో తేలకుండానే సుమారు యాభై నిమిషాలు గడిచాయి. బడి వెనుకనే కొండ ఉన్నది. సునామీ నది వెంట ఎదురెక్కి వచ్చింది. 108 మంది పిల్లలలో 74 మంది, ఉపాధ్యాయులు, సిబ్బందిలో పదిమంది మరణించారు. తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్ళారు. పటంలో లేకపోయినా నది పక్కనున్న బడికి ముప్పు ఉన్నదని ముందే ఆలోచించి ఏర్పాట్లు చేయవలసిన బాధ్యత విద్యాధికారులదేనని 2018లో హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2019లో సుప్రీంకోర్టులోనూ అది నిలిచింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న ఎవరైనా ఈ సంగతి చదివి ఆ రాత్రి నిద్రపోలేరు. యానాం వంటి నదీతీరపు ఊళ్ళవారు కూడా దీనిని గుర్తుంచుకోవాలి. అల నడిచే దారి ఇసుక తిన్నె ఒక్కటే కాదు, నదులూ కాలువలూ కూడా దానికి దారులే.

రెండవ చిక్కు గడియారానిది. జనాభా లెక్క మనిషిని అతడు కాపురమున్న ఇంటి దగ్గర లెక్కిస్తుంది. అల మాత్రం మనిషి ఆ గంటకు ఎక్కడ ఉంటే అక్కడికే వస్తుంది. ఆ ఆదివారం ఉదయం వేళాంగణిలో క్రిస్మస్ పండుగకు ఎక్కడెక్కడి నుండో వచ్చిన యాత్రికులు ఉన్నారు. వారిలో ఎందరో అక్కడే ప్రాణాలు విడిచారు. వారు నాగపట్నం జిల్లా జనాభా పుస్తకంలో లేరు. చెన్నై మెరీనా ఒడ్డున నడకకు వచ్చినవారు, క్రికెట్ ఆడుకొంటున్న పిల్లలు ఉన్నారు. ఆ రోజు పౌర్ణమి గనుక ఆంధ్ర తీరంలో సముద్రస్నానానికి వచ్చినవారు కూడా అలకు చిక్కారు. వీరందరూ ఆ తీరాలకు అతిథులు. ఏ ఊరివారు తమ లెక్కలో వేయాలి వీరిని? అతిథి మన గడపలో ఉన్నంతసేపు మన బాధ్యతే అని మన తాత ముత్తాతలు భావించారు. లెక్కలోనూ ఆ నియమమే ఉండాలి. ఒడ్డున పండుగ జరిగే రోజున ఆ ఊరి జనాభా పదింతలని వ్రాసుకోవాలి.

గడియారపు లెక్కలోనే మరొక సంగతి ఉన్నది. 2005లో ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ కొన్ని చోట్ల మృతుల వివరాలు సేకరించింది. కడలూరు జిల్లాలో పురుషుల కంటే స్త్రీలు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా మరణించారని తేలింది. కారణాలు మనకు ఊహించలేనివి కావు. వేటకు వెళ్ళిన మగవారు లోతైన నీటిలో ఉన్నారు, అక్కడ అల పడవలకు హాని చేయలేదు. ఆడవారు ఒడ్డున పడవల కోసం, చేపల కోసం ఎదురుచూస్తున్నారు, లేదా ఇళ్ళలో పసిపిల్లలతో ఉన్నారు. ఈత నేర్చినవారు తక్కువ. చెట్టెక్కడం అలవాటు లేదు. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఒక బిడ్డ. ఊరిలో వెయ్యిమంది ఉన్నారని వ్రాస్తే ఈ సంగతి ఏదీ ఆ అంకెలో కనబడదు. వెయ్యిమందిలో పరుగెత్తగలవారు ఎందరు, ఎత్తుకొని పోవలసినవారు ఎందరు అని వేరుగా వ్రాస్తేనే అది లెక్క అనిపించుకుంటుంది.

మూడవ చిక్కు చిరునామాది. ఇది వలస వచ్చిన మనకు బాగా తెలిసిన కష్టం. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు ప్రతి ఏటా వందల సంఖ్యలో గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేట కూలికి వెళతారు. వారి రేషన్ కార్డు, ఓటు, ఇల్లు శ్రీకాకుళంలో ఉంటాయి. శరీరం మాత్రం నెలల తరబడి అరేబియా సముద్రంలో ఉంటుంది. ఆ సముద్రం కూడా ప్రశాంతమైనది కాదు. 1945 నవంబరులో మక్రాన్ తీరంలో వచ్చిన భూకంపం వల్ల పుట్టిన సునామీ బొంబాయి వరకు వచ్చింది. ఇప్పుడు శ్రీకాకుళం లెక్కలో ఉన్న ఆ మనిషి, అలకు ఎదురుగా ఉండేది గుజరాత్‌లో. ఇక్కడి పట్టీలో పేరు ఉండీ లేనట్టే, అక్కడి పట్టీలో పేరే లేదు. తీరాన ఇళ్ళు కట్టే కూలీలు, రొయ్యల చెరువుల కాపలాదారులు, ఇటుక బట్టీలవారు, ఉప్పు మడుల్లో పనివారు అందరిదీ ఇదే స్థితి. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు అప్పుడు జరగలేదు. పదేళ్ళ పాత పట్టీ పట్టుకొని తీరానికి వెళితే, పట్టీలో ఉన్నవారు ఊళ్ళో ఉండరు, ఊళ్ళో ఉన్నవారు పట్టీలో ఉండరు.

నాలుగవ చిక్కు అన్నిటికంటే బాధాకరమైనది. మనుషులు కంటికి కనబడుతూనే లెక్కకు రాకపోవడం. 2004 తర్వాత నష్టం అంటే పడవ, వల, ఇల్లు అని లెక్కవేశారు. పడవ ఉన్నవారికి పడవ ఇచ్చారు. పడవలోకి కూలికి వెళ్ళేవారికి, చేపల తట్ట మోసేవారికి, ఉప్పునీరు నిండిన పొలంలో కూలి పోయినవారికి ఏమి పోయినదో చెప్పడానికి ఆ కాగితంలో గడి లేదు. సహాయ శిబిరాలలో దళితులను వేరుగా చూశారని, నీళ్ళ దగ్గర, అన్నం దగ్గర కూడా వివక్ష జరిగిందని అప్పటి పత్రికలూ మానవహక్కుల సంఘాలూ వ్రాశాయి. అల కులం అడగలేదు. అల పోయిన తర్వాత మనుషులు అడిగారు. ఇది తీరానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదని మన సంఘాల చరిత్ర తెలిసినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. లెక్కలో లేనివాడు సహాయంలోనూ ఉండడు. గనుక ఎవరిని లెక్కించాలనేది ఎవరి ప్రాణం ప్రాణమని ఒప్పుకుంటున్నామనే ప్రశ్నయే.

ఇంతవరకు లెక్క సరిగా వేయాలని చెప్పాను. అసలు లెక్క వేయడమే తగదని వాదించేవారు కూడా ఉన్నారు. వారి మాటలలో న్యాయం ఉన్నది గనుక వాటిని కూడా చూడాలి.

మొదటి వాదం: మనిషిని అంకెగా మార్చడం అవమానం. నిజమే, అంకె దగ్గరే ఆగిపోతే అవమానమే. కాని ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట్లోనే నేర్పిన పని హాజరు పట్టీ పిలవడం. తలలు లెక్కపెడితే నలభై అని తెలుస్తుంది. పేర్లు పిలిస్తే రానివాడు ఎవరో తెలుస్తుంది. పిల్లలను విహారయాత్రకు తీసుకొనిపోయే ప్రతి ఉపాధ్యాయుడు బస్సు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి లెక్కపెడతాడు. ఒక్కడు తగ్గితే బస్సు కదలదు. ఆ పిల్లవాడు అంకె అయినందువల్ల కాదు, వాడు లేనిదే అంకె పూర్తి కాదు గనుక. ముప్పులో ఉన్నవారి లెక్క కూడా హాజరు పట్టీ వంటిది కావాలి.

రెండవ వాదం బరువైనది. "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని వ్రాసుకొన్న కాగితమే, "మీరు ఇక్కడి నుండి లేచిపోండి" అనే ఉత్తర్వు అవుతుందని బెస్తవారి భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. శ్రీలంకలో 2005లో తీరం నుండి కొన్ని ప్రాంతాలలో 100 మీటర్లు, మరికొన్ని ప్రాంతాలలో 200 మీటర్ల లోపు ఇళ్ళు తిరిగి కట్టరాదని నియమం పెట్టారు. బెస్తవారి గుడిసెలకు వర్తించిన ఆ నియమం నుండి పర్యాటకుల హోటళ్ళకు మినహాయింపులు దొరికాయి. తర్వాత ఆ నియమాన్ని సడలించవలసి వచ్చింది. ఒకే అల, ఒకే ఒడ్డు. బీదవాడికి ప్రమాదకరమైన స్థలం ధనవంతుడికి సుందరమైన స్థలం ఎలా అవుతుంది? దీనికి జవాబు లెక్క మానుకోవడం కాదు. ఎవరి ప్రాణం గూర్చి లెక్క వేస్తున్నారో వారి చేతనే ఆ లెక్క వేయించాలి, వారి చేతిలోనే ఒక ప్రతి ఉంచాలి. దారి చూపడానికి వేసిన లెక్కను దారిన పడవేయడానికి వాడకూడదు.

మూడవ వాదం: నూరేళ్ళకు ఒకసారి వచ్చేదాని కోసం రోజూ భయపడడం ఎందుకు? గత నూరేళ్ళలో 58 సునామీలు 2,60,000 మందికి పైగా ప్రాణాలు తీశాయని ఐక్యరాజ్యసమితి చెబుతున్నది. అందులో అత్యధిక భాగం 2004 నాటి ఒక్క ఉదయానిదే. గనుక ఇది అరుదైన ఆపద అనడం సత్యమే. హెచ్చరికలు వ్యర్థం కావడమూ సత్యమే. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం రాగా హెచ్చరికలు వెలువడ్డాయి, జనం తీరం విడిచి వెళ్ళారు, పెద్ద అల రాలేదు. ఆనాడు భూమి పలకలు పైకి లేవకుండా పక్కకు జరిగాయి. కొందరు నవ్వుకొన్నారు. నా మట్టుకు ఆ రోజు ఇంటికి తిరిగివచ్చిన వారందరూ అదృష్టవంతులే. రాని అల కోసం ఒక సాయంకాలం నడిచినవాడు పోగొట్టుకొన్నది ఒక సాయంకాలమే.

అరుదైన ఆపదను ఎలా గుర్తుంచుకోవాలో సుమత్రాకు పడమటనున్న సిములూ దీవివారు చూపించారు. 2004 భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న దీవి అది. జనాభా డెబ్బది వేలకు పైగా, అందులో ఎక్కువమంది తీరాననే కాపురం. మన పద్ధతిలో గీత గీస్తే దాదాపు దీవి అంతా ముప్పు దారిలో ఉన్నట్టే. అల నిమిషాలలో వచ్చింది. యంత్రమూ లేదు, సైరనూ లేదు. చనిపోయినవారు ఏడుగురు. ఎందువల్ల? 1907లో అక్కడ ఒక సునామీ వచ్చి ఎందరినో తీసుకొనిపోయింది. దానికి వారు స్మోంగ్ అని పేరు పెట్టి, భూమి గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే వెంటనే కొండకు పరుగెత్తండి అని తాతమ్మలు మనుమలకు పాటలుగా, కథలుగా చెబుతూ వచ్చారు. తొంభై ఏడేళ్ళు ఆ మాట ఆరిపోలేదు. ముప్పులో ఉన్నవారి సంఖ్య వేరు, చనిపోబోయేవారి సంఖ్య వేరు అని దీనివల్ల స్పష్టమవుతున్నది. ఆ రెండు అంకెల మధ్య దూరమే మనుషుల చేతిలో ఉన్నది.

మన దగ్గరలోనే మరొక సాక్ష్యం ఉన్నది. పుదుచ్చేరిలో నల్లవాడు అనే బెస్త పల్లె. ఆ ఊరి యువకుడు ఒకడు సింగపూర్‌లో పని చేసుకొంటున్నాడు. ఆ ఉదయం సుమత్రా వార్త విని ఊరికి ఫోను చేశాడు. అదే సమయానికి సముద్రపు నీరు ఇళ్ళ దాకా వస్తున్నదని ఇంటివారు చెప్పారు. వెంటనే అందరినీ ఖాళీ చేయించమన్నాడు. ఊళ్ళోని విజ్ఞాన కేంద్రంలో, వేటకు వెళ్ళేవారికి వాతావరణం చెప్పడానికి పెట్టిన మైకు ఉన్నది. దాని గుండా కేకలు వేశారు. ఊరు లేచి నడిచింది. మూడువేలకు పైగా జనం బ్రతికారు. ఇళ్ళు, పడవలు పోయాయి. ఊరు విడిచి దూరదేశం పోయినవాడు ఊరి వారందరినీ తన లెక్కలో ఉంచుకొన్నాడు. వలస వచ్చిన మనం ఈ సంగతిని మన పిల్లలకు తప్పక చెప్పాలి.

ఇప్పుడు యునెస్కో మహాసముద్ర సంఘం "సునామీకి సిద్ధమైన ఊరు" అనే గుర్తింపు ఇస్తున్నది. దానికి పన్నెండు నియమాలు. మొదటిది నీరు చేరే ప్రాంతపు పటం. రెండవది ఆ ప్రాంతంలో ముప్పులో ఉన్నవారెందరో అంచనా వేయడం. తర్వాతివి తప్పించుకొనే దారి, గుర్తు పలకలు, అభ్యాసాలు, కబురు అందే ఏర్పాట్లు మొదలైనవి. హిందూ మహాసముద్ర దేశాలలో ఈ గుర్తింపు మొట్టమొదట 2020 ఆగస్టులో ఒడిశాలోని రెండు ఊళ్ళకు వచ్చింది. ఒకటి గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్, రెండవది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. నోలియాలంటే ఒడిశా తీరాన వేటాడి బ్రతికే, తెలుగు మూలాలున్న బెస్తవారు. సాహి అంటే వీధి. పూరీ, గోపాలపూర్ ఒడ్డున వారి తెలుగు ఈనాటికీ వినవచ్చు. వారికి దొరికిన కాగితం గొప్పది కాదు, దాని వెనుక జరిగిన పని గొప్పది. మన వీధిలో నడవలేనివారు ఎవరు, వారిని ఎవరు మోయాలి అని కూర్చొని మాట్లాడుకోవడం గొప్పది.

దీనిని బట్టి నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. ముప్పులో ఉన్నవారిని లెక్కించడమంటే వారికి అప్పుపడడమే. తెలియనప్పుడు నేరం లేదనవచ్చు. ఫలానా ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉన్నదని వ్రాసుకొన్న తర్వాత, అల వచ్చిన రోజున ఆమె తలుపు తట్టకపోతే ఆ అంకె మన మీద సాక్ష్యం చెబుతుంది. అందుకే లెక్కకు చివర మొత్తం వ్రాసి గీత కొడితే చాలదు. ప్రతి పేరు ఎదుట మరొక పేరు ఉండాలి: ఈమెకు కబురు చెప్పేది ఎవరు, చేయి పట్టుకొనేది ఎవరు అని. ఆ రెండవ వరుస నిండనంతవరకు లెక్క పూర్తి కానట్టే. 1999 అక్టోబరులో ఒడిశా మహా తుపానుకు సుమారు పదివేలమంది మరణించారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షలమందిని ముందే తరలించారు, మృతులు పదుల సంఖ్యను దాటలేదు. తీరం అదే, తుపాను భయంకరమైనదే. మధ్య కాలంలో ఆ రెండవ వరుస నిండింది.

ప్రభుత్వం పని ప్రభుత్వానిదే. పటం గీయడం, సైరన్ పెట్టడం, రోడ్డు వేయడం, ఆశ్రయ భవనం కట్టడం మన శక్తికి మించినవి, వాటిని అడగడం మన హక్కు. కాని హైదరాబాదు నుండి బయలుదేరిన హెచ్చరిక జిల్లాకు చేరి, మండలానికి చేరి, చివరి వంద గజాలు దాటేది పొరుగువాడి గొంతు ద్వారానే. ఈ చివరి వంద గజాల లెక్క మనమే వేసుకోగలము. ప్రతి సంఘంలో సభ్యుల పట్టీ ఉంటుంది. ఎవరు రోగి, ఎవరు ఒంటరి, ఎవరి ఇంట్లో పసిబిడ్డ అని సంఘ పెద్దలకు తెలుసు. తీరపు సంఘాలవారు ఆ పట్టీతో ప్రారంభించవచ్చు, కాని దానితో ఆగిపోకూడదు. పట్టీలో మనవారే ఉంటారు, వీధిలో అందరూ ఉంటారు. మనం పరాయి రాష్ట్రానికి వచ్చిన తొలినాళ్ళలో "మీరెవరివారు?" అని ఎన్నిసార్లు అడిగించుకొన్నామో మరువరాదు. ఆ ప్రశ్న మనం ఎవరినీ అడగకుండా వీధి మొత్తాన్ని లెక్కలో వేయాలి. అద్దెకున్న బీహారు కూలీని, ఒడ్డున గుడారంలో ఉన్నవారిని, బడి కాపలాదారుని కూడా వేయాలి.

పట్టీ వ్రాసేటప్పుడే కొన్ని సంగతులు ఇంటింటా చెప్పవచ్చు. తీరాన ఉన్నప్పుడు భూమి గట్టిగా గాని ఎక్కువసేపు గాని కదిలినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, పెద్ద హోరు వినబడినా, కబురు కోసం కాచుకొనక లోపలికో ఎత్తైన చోటికో పోవాలి. దూరం పోలేకపోతే గట్టి కాంక్రీటు భవనపు పై అంతస్తు ఎక్కాలి. మొదటి అలే పెద్దదని అనుకోరాదు. అల వెనక్కి పోయిన తర్వాత చేపల కోసమో సామాను కోసమో దిగినవారు తర్వాతి అలకు పోయారు. అధికారులు చెప్పేవరకు తిరిగి రాకూడదు. ఏటా నవంబరు 5న ప్రపంచ సునామీ అవగాహన దినం పాటిస్తున్నారు. ఆ వారంలో ఒక సాయంకాలం పిల్లలతో, పెద్దలతో కలిసి ఎత్తైన చోటు దాకా నడిచి చూస్తే, ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎవరు వెనుకబడ్డారో తెలుస్తుంది. వెనుకబడినవారి పేర్లు పట్టీలో ముందుకు రావాలి.

"తీరాన ఎంతమంది ఉన్నారు?" అనే ప్రశ్నకు అధికారి ఒక అంకె చెబుతాడు. అది అవసరమే, దాని కోసం శ్రమపడే శాస్త్రజ్ఞులకు మనం కృతజ్ఞులం. మన జవాబు మాత్రం పేర్లతో ఉండాలి. ఆ పట్టీ వ్రాయడానికి ఒక నోటు పుస్తకం, ఒక కలం, రెండు ఆదివారాల సాయంకాలం చాలు. తీరాన ఉన్న ప్రతి సంఘం ఈ సంవత్సరమే ఈ పని మొదలుపెట్టాలని నా మనవి.